చక్రాల కింద నిమ్మకాయలు

తెనాలి

అన్నయ్యా,

ఫోన్లో చెబితే మీ బావగారి చెవిన పడుతుందని రాస్తున్నాను. మేధకి పద్దెనిమిది నిండాయి, బాపట్ల కాలేజీకి వెళ్ళిరావడానికి చిన్న కారు కావాలంటోంది. "మీ స్పోర్ట్స్ కార్లు రెండింటిలో ఒకటి అమ్మి కొనండి" అంటే ఈయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. ఎర్రదానికి బ్రేకులు సరిగా పట్టవు, అయినా వదలరు. బయటికీ తీయరు. శుక్రవారం శుక్రవారం పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, తొక్కించేది మాత్రం దసరాకే.

సోమవారం నేను బడి నుంచి వచ్చేసరికి ఎర్ర కారు కింద కాయలు నలిగిపోయి ఉన్నాయి. ఈయనేమో పొద్దుటి నుంచీ దుగ్గిరాల పసుపు యార్డులోనే ఉన్నారు. మేధని అడిగితే, "నేను రైల్లోనే వెళ్ళొచ్చానమ్మా" అంది. ఈయన చూస్తే ఇంట్లో ఏమవుతుందోనని, గబగబా కొత్త కాయలు పెట్టేశాను.

దానికి డ్రైవింగ్ నేర్పింది నువ్వే. నీ మాటైతే వింటుంది. రేపల్లె నుంచి ఒక్కసారి వచ్చిపో.

నిన్న బుధవారం చూస్తే కాయలు చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకుని లోపలికి వచ్చాక గుర్తొచ్చింది. నేను పెట్టినవి పండినవి, ఇవి పచ్చివి. ఇక అది ఎప్పుడు బయల్దేరుతుందో నాకెలా తెలుస్తుందన్నయ్యా?

నీ చెల్లి