దొర రికార్డులో నా నంబర్

అమ్మకు,

నీ చిన్నది వెయ్యి దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ, అక్కా, పసిదీ బాగున్నారని బావ చెప్పాడు. సాయంత్రం తిరిగి అక్కడికే బయల్దేరుతున్నాడు కదా, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను.

అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. వేళకు తింటున్నాను, ఒట్టు. "కుక్కలకీ పిల్లులకీ కంప్యూటర్లో జాతకాలా?" అని అక్క నవ్విందట. నవ్వమను. మా పశువుల ఆస్పత్రికి వచ్చే ఏ జంతువుకు ఏ మందు పడదో, ఎప్పుడు సూది వేయాలో అన్నీ అందులోనే ఉంటాయి. సూది రోజు దగ్గరపడితే ఇంటివాళ్ళ ఫోన్‌కి దానంతటదే మెసేజ్ పోతుంది. "నేను లేకపోయినా ఆస్పత్రి నడుస్తుంది, నువ్వు లేకపోతే నడవదే" అంటుంది మా డాక్టరమ్మ. వినీ వినీ నాకు కాస్త పొగరెక్కింది.

ఇక ఆ పాడు మెసేజ్ సంగతి. "మీ దొర మరణానికి మా సానుభూతి" అని వచ్చిందని గుండెలు బాదుకుంటూ ఫోన్ చేశావు. ఆ రోజు దర్జీగారి ముసలి కుక్క పోయింది. దాని రికార్డు మూసేయాలి. అంతకుముందే మన కుక్క దొర బరువు కంప్యూటర్లో ఎక్కించి ఆ పేజీ అలాగే వదిలేశాను. దర్జీగారు ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే నాకూ కళ్ళు మసకబారి, మనవాడి పేజీలో 'మరణించింది' అని నొక్కేశాను. అందులో నీ నంబరే ఉంది కదా, ఆ మెసేజ్ నీకు వచ్చేసింది. నువ్వు ఫోన్ చేయగానే సరిదిద్దాను. "పోన్లే, వాడి దిష్టి పోయింది" అని ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

"ఇంకేమైనా దాస్తున్నావా?" అని అడిగావు. అప్పుడు లేదమ్మా, ఇప్పుడు ఉంది. 'మరణించింది' అని నొక్కితే ఇకమీద వేయాల్సిన సూదులన్నీ సాఫ్ట్‌వేర్ కొట్టేస్తుంది. రికార్డులో మళ్ళీ బతికించినా అవి తిరిగి రావు, మనమే ఎక్కించాలి. ఊరందరి కుక్కలకూ చూసే నేను మన కుక్కకు మర్చిపోయాను. నీ ఫోన్‌కి మెసేజ్ వస్తే నువ్వే చెబుతావులే అని ధీమాగా ఉన్నాను. దొరకు వాడి పాత జబ్బుకి నెలనెలా పడాల్సిన సూది తప్పిపోయింది.

నిన్న తిండి ముట్టలేదు. ఎండకేమో అనుకున్నాను. ఇవాళ పొద్దున లేవబోయి కూలబడ్డాడు. ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. ఇప్పుడు నా పక్క గదిలో సెలైన్ ఎక్కుతోంది. "రేపటికి లేచి నిలబడితే గండం గడిచినట్టే" అంది డాక్టరమ్మ. భయంగా ఉందమ్మా. తలుపు చప్పుడైతే చాలు, నువ్వే అనుకుని చెవులు లేపుతున్నాడు. పైన 'మేమంతా కులాసా' అని రాశానే, వాణ్ణి వదిలేసి రాశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వాడి సూదులన్నీ ఇందాకే మళ్ళీ ఎక్కించాను. ఆ రికార్డులో నీ నంబర్ తీసేసి నాది పెట్టాను. ఇకమీద వాడి కబురు, మంచైనా చెడైనా, నీకు మెషిన్ చెప్పదు. నేనే చెబుతాను. రేపు నా ఫోన్ వస్తుంది. ఎంత కోపంగా ఉన్నా ఎత్తమ్మా.

ఇట్లు,
దొరను నువ్వు నమ్మి అప్పజెప్పిన
నీ చిన్నకూతురు