గాజు పడవ, సిల్వర్ పడవ

1968 మార్చి 9

చేతులు సబ్బుతో కడిగి, చింతపండుతో రుద్ది, మళ్లీ సబ్బుతో కడిగాను. కంపు పోలేదు. ఈ క్వార్టర్లో సబ్బు కూడా చేపల వాసనే వేస్తోంది. ఆలేరులో మా బాపు మగ్గం గుంటలో కూర్చుంటే ఒంటికి గంజి వాసన పట్టేది. అది తప్పించుకోవాలని మెట్రిక్ చదివాను. చదివినందుకు దక్కింది ఇది. అచ్చంపేటకు అవతల, అడవి అంచున, రాళ్లవాగు ప్రాజెక్టు మీద ఫిషరీస్ ఫీల్డ్‌మన్.

నా భార్య కౌసల్య అన్నం వడ్డించి, కిటికీ పక్కకు పోయి కూర్చుంది. కంపని తిడితేనే బాగుండేది.

మార్చి 12

ఆర్డర్ వచ్చింది. ఇక్కడి బెస్తవాళ్ల సొసైటీకి ఒక పడవ ఇస్తారట. అల్యూమినియందా, ఫైబర్‌గ్లాస్‌దా అన్నది ట్రయల్ చేసి నిర్ణయించాలి. ఫీల్డ్‌మన్ ఒపీనియన్ రాసి పంపాలి. నా ఒపీనియన్ అడిగిన మొదటి ఆర్డర్ ఇదే. నాకేమో పడవ ముందెటో వెనకెటో తెలియదు.

సొసైటీ ప్రెసిడెంటు గండయ్య ఫైబర్‌గ్లాస్ అంటే ఏమిటని అడిగాడు. గ్లాస్ అంటే గాజు అన్నాను. అనకూడదు. సాయంత్రానికల్లా ఊరంతా గాజు పడవ వస్తోందనీ, కాలు పెడితే గుచ్చుకుంటుందనీ చెప్పుకుంటున్నారు. అల్యూమినియంది సిల్వర్ పడవ అయింది, వంటింట్లో గిన్నెల లెక్కన.

ఇప్పుడు వీళ్లకున్నవి పుట్టీలే. వెదురు గంపకు బర్రె తోలు కుట్టినవి. నీళ్లకు ఆ తోలు నాని, ఎండకు కుళ్లితే వచ్చే వాసన గురించి రాయను. కట్ట కట్టినప్పుడు చెట్లు నరికించాల్సిన కంట్రాక్టరు నరికించినట్టు రాసుకుని పోయాడట. ఆ చెట్లన్నీ నీళ్ల కింద మొద్దులై నిలబడి ఉన్నాయి. పోయిన వానల్లో భీమయ్య అనేవాడి పుట్టి మొద్దుకు తగిలి చినిగింది. మనిషి దక్కలేదు. అతని మెంబర్‌షిప్ భార్య గోపమ్మ పేరు మీదికి వచ్చింది. ఆడదాన్ని నీళ్ల మీదికి రానివ్వరు. వాటా అని చెప్పి గంప అడుగున చితికిపోయిన పరక చేపలు ఇస్తారు. అవి ఆమె కొంగులో పోస్తుంటే చూశాను. కుక్క కూడా ముట్టదు.

మార్చి 20

పడవలు దిగాయి. రెండూ ఒకే లారీలో.

సిల్వర్ పడవ దారిలోనే ఒక పక్క సొట్టపడింది. ఆడవాళ్లు వేళ్లతో కొట్టి చూసి, ఇంత పెద్ద గిన్నెలో ఎన్ని పెళ్లిళ్లకు వండొచ్చో అని నవ్వుకున్నారు. ఫైబర్‌గ్లాస్‌ది కొంగలా తెల్లగా ఉంది. పక్కన నీలం గీత. కూర్చోవడానికి కుషన్ సీటు. మా ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్ సాబ్ దాని చుట్టూ తిరిగి తిరిగి చూశారు. తన చేతిరుమాలుతో తుడిచారు కూడా.

ఇద్దరు మనుషులు సిల్వర్ పడవను దింపేశారు. తెల్లదాన్ని దింపడానికి సొసైటీలో సగం మంది కావాల్సి వచ్చింది.

మార్చి 21

ట్రయల్.

నిజం రాయాలి కదా. నీళ్ల మీద తెల్లదే బాగుంది. చల్లగా, చప్పుడు లేకుండా, జారినట్టు పోయింది. సిల్వర్‌ది ఎండకు పెనంలా కాలింది. తెడ్డు తగిలితే చాలు బిందె పడ్డట్టు చప్పుడు. చేపలు అవతలి ఒడ్డుకు పారిపోయాయని తెడ్డు వేస్తున్న సొసైటీ మనిషి జానయ్య తిట్టాడు. రివిట్ల దగ్గర నీళ్లు చెమర్చాయి. నా తొడ వాతలు తేలింది.

గోపమ్మ ఒడ్డున నిలబడి రెండు పడవలనూ చూస్తూనే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

మార్చి 22, రాత్రి

తెల్ల పడవ కంపెనీ ఏజెంటు ట్రావెలర్స్ బంగ్లాలో విందు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ సాబ్ మూలుగ బొక్కలు పీల్చిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది. మూతి తుడుచుకోకుండానే నా భుజం మీద చెయ్యి వేసి, "సిద్దిరాములూ, ఒపీనియన్ మంచిగ రాయి" అన్నారు. చొక్కా మీద నూనె వేళ్లు నాలుగూ అచ్చుపడ్డాయి. పగిలితే ఎవరు బాగు చేస్తారని ఏజెంటును అడిగాను. మద్రాసు నుంచి మనిషి వస్తాడట. ఎప్పుడు? ఆయన నవ్వి ఇంకో ముక్క వేశాడు.

తిన్నాను.

మార్చి 24

గండయ్య కల్లు తాగి వచ్చాడు. తెల్లదే రాయమని చెప్పడానికి. చల్లగా ఉంటుందనో, చప్పుడు చేయదనో అంటాడనుకున్నాను. అదేమీ కాదు.

"గా సిల్వర్ పడవ అల్కగుంటది సారు. ఇద్దరు ఆడోళ్లు ఎత్తుకపోతరు. రేపు గోపమ్మ నేను గూడ పడవెక్కుత అంటది. గీ తెల్లదైతె మేం అందరం పట్టుకుంటెనె కదులుతది. మేం పట్టుకోం. ఇగ అదేం జేస్తది?"

ఎంత తెలివి! భీమయ్య ఇతని చిన్నాయన కొడుకు. ఇతనే పాడె మోశాడట. ఆ నోటితోనే ఇది చెప్పి, వాకిట్లో ఉమ్మేసి పోయాడు. కౌసల్య నీళ్లు చల్లింది.

మార్చి 25

ఏమీ రాయలేదు. కాగితాలు చింపాను.

మార్చి 27

మధ్యాహ్నం. మగవాళ్లంతా ఎండకు పడుకున్నారు. కట్ట మీద చప్పుడైతే బయటికి వచ్చి చూశాను. గోపమ్మ, ఆమె ఆడబిడ్డ రామమ్మ సిల్వర్ పడవను నెత్తి మీద బోర్లించుకుని నడుస్తున్నారు. కింద నాలుగు కాళ్లు మాత్రం కనిపించాయి. పడవ వేడికి నెత్తి మీద తడి గోనెసంచులు వేసుకున్నారు. నేను ఆపలేదు. పిలవనూ లేదు. నీడలో నిలబడి చూశాను, అంతే.

పొద్దు వాలేసరికి గంప నిండా బొచ్చె చేపలు, రెండు పెద్ద కొర్రమట్టలతో వచ్చారు. ఎండకు గోపమ్మ మొహం కందిపోయింది. కానీ నవ్వుతోంది. ఆమె నవ్వడం నేను ఇంతకుముందు చూడలేదు.

గండయ్య వచ్చాడు. గంపను కాలితో తన్నాడు. చేపలన్నీ కట్ట మీద దుమ్ములో దొర్లాయి. వాటి మీదనే నడిచాడు. ఆడది పట్టిన చేపలు కొన్నవాళ్లకు సొసైటీ చేప అమ్మదని అరిచాడు. చుట్టూ నిలబడ్డ మగవాళ్లలో ఒక్కడూ వంగి ఒక్క చేప కూడా తియ్యలేదు. నేనూ వాళ్లలోనే నిలబడి ఉన్నాను. రామమ్మ ఒక్కతే మట్టి కొట్టుకున్నవాటిని ఏరుకుంది. మిగిలినవాటికి కాకులు వచ్చాయి.

ఛీ. ఇన్నాళ్లూ కంపు కంపు అని చేపలను తిట్టాను.

మార్చి 28

రాశాను. అల్యూమినియం. చప్పుడు చేస్తుందనీ, కాలుతుందనీ కూడా రాశాను. గోనెసంచులు పరిస్తే రెండూ తగ్గుతాయని రాశాను. సొట్ట పడితే అచ్చంపేటలో గిన్నెలు బాగుచేసేవాడు సరిచేస్తాడని రాశాను. చివరి వాక్యం ఇది: ఈ పడవను ఇద్దరు ఎత్తగలరు కనుక, సొసైటీలో ఎవరైనా వాడుకోగలరు.

ఇన్‌స్పెక్టర్ సాబ్ చదివి, చివరి వాక్యం మీద గోరుతో గీసి, వేరేది రాసి తెమ్మన్నారు. రాయనన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కాగితాన్ని మడిచి పళ్లు కుట్టుకున్నారు. నా ముందే. నా ఒపీనియన్‌తో.

మార్చి 30

తెల్లదే ఖాయం చేశారట. సిల్వర్‌ది వాపస్.

ఏప్రిల్ 3

ఇవాళ జరిగింది ఇవాళే రాయాలి.

సిల్వర్ పడవను తీసుకుపోవడానికి లారీ వచ్చింది. పడవ ఒడ్డున లేదు. గోపమ్మ దాన్ని నీళ్లలోకి తోసుకుని ఎక్కి కూర్చుంది. రమ్మంటే రాలేదు. లారీ డ్రైవర్ బతిమాలాడు. గండయ్య బూతులు తిట్టాడు. ఆమె ఇటు తిరిగి ఒకే మాట అంది: "నా మొగని మెంబరు నాది. గీ పడవ మీద నా వాటా నేను తీసుకున్న. మిగిలింది మీరు తీస్కోండ్రి." తెడ్డు వేసుకుంటూ నీళ్ల నడిమికి పోయింది.

పట్టుకురమ్మని ఇన్‌స్పెక్టర్ సాబ్ హుకుం. తెల్ల పడవలో గండయ్య, జానయ్య తెడ్లు పట్టారు. సాబ్ కుషన్ సీటు మీద కూర్చున్నారు. నన్నూ ఎక్కమన్నారు. ఎక్కాను. బల్లను రెండు చేతులా పట్టుకున్నాను.

ఎండలకు నీళ్లు తగ్గిపోయాయి. మొద్దులు జానెడు లోతునే ఉన్నాయి. గోపమ్మ వాటి మధ్య నుంచి మెల్లగా, వంకరటింకరగా పోతోంది. సొట్టలు పడుతున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. ఆగలేదు. నేరుగా పోయి పట్టుకోమని సాబ్ అరుస్తున్నారు. గండయ్య బలం కొద్దీ తెడ్డు వేశాడు.

ఎండుకట్టె విరిగిన చప్పుడు. అంతే. పడవ మొద్దు మీద కూర్చుంది. అడుగున పగులు నా కాళ్ల మధ్య నుంచే పోయింది. పగిలిన అంచున పడుగూ పేకా కనిపించాయి. నేత! గాజు నూలుతో నేసిన గుడ్డ. ఇన్ని రోజులు ఎవరూ చెప్పలేదు. ఆ భయంలో కూడా, ఇంత వదులు నేత మా బాపు నేస్తే సాహుకారు తిప్పి కొట్టేవాడని అనిపించింది. పిచ్చి బుర్ర.

నీళ్లు నడుం దాకా వచ్చాయి. సాబ్ నా భుజం మీదికి ఎక్కారు. నిజంగా ఎక్కారు, బూట్లతో.

గోపమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. తెడ్డంత దూరంలో ఆపింది. గండయ్య ఇటు తే అన్నాడు. ఆమె కదలలేదు.

"ఆడిదెక్కిన పడవ, పెసిడెంటు సాబ్. ముట్టుకుంటవా?"

మేము మునిగిపోతూ ఉంటే కూడా గండయ్య ఆలోచించాడు! సాబ్ ఆలోచించలేదు. అందరినీ నెట్టి ముందు ఆమె పడవలోకి దూకారు. తరువాత నన్ను గోపమ్మే చొక్కా పట్టి లాగింది. జానయ్య ఎక్కాడు. గండయ్య మొద్దును కౌగిలించుకుని, మెడ దాకా నీళ్లలో చాలాసేపు ఉన్నాడు. చివరికి ఎక్కి, జాగా లేక ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె తెడ్డు అతని చేతికిచ్చింది.

"నాకు రెక్కలు గుంజుతున్నయి. నువ్వెయ్యి బావా."

వేశాడు. ఒడ్డు దాకా ఆపలేదు.

ఏప్రిల్ 4

లారీ ఖాళీగా పోయింది.

ఏప్రిల్ 10

ఇన్‌స్పెక్టర్ సాబ్ రిపోర్టు పంపారు. మొదటి నుంచీ తాను అల్యూమినియమే మేలని చెబుతున్నారట. మహిళా సభ్యులను ప్రోత్సహించాలన్నది కూడా ఆయన ఆలోచనేనట. ఫొటోగ్రాఫర్‌ను వెంట తెచ్చారు. గోపమ్మ పక్కన తెడ్డు పట్టుకుని నిలబడి ఫొటో దిగారు. తెడ్డును తలకిందులుగా పట్టుకున్నారు. నేను చెప్పలేదు. ఫీల్డ్‌మన్ పేరు ఎక్కడా లేదు. ఫికర్ లేదు. ఆ కాగితం మీద నా పేరుంటే చేతులు కడుక్కోవాల్సి వచ్చేది.

ఏజెంటు తెల్ల పడవ కోసం రానే లేదు. అది మొద్దు మీదే ఉంది. కొంగలు దాని మీద వాలి రెట్ట వేస్తున్నాయి.

ఏప్రిల్ 15

పొద్దున పడవ ఎత్తడానికి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. గోపమ్మ, రామమ్మ, బిక్షమ్మ. బిక్షమ్మ గండయ్య భార్య. గండయ్య కట్ట మీదే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఆపనూ లేదు.

ఏప్రిల్ 19

ఒక సంగతి ఈ డైరీలో కూడా ఇన్నాళ్లు రాయలేదు. నాకు ఈత రాదు.

ఇవాళ గోపమ్మను నేర్పమని అడిగాను. ఆమె నవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, "పొద్దున్నె రా సారు. ఏం తినకుంట రా" అంది.