గడ్డి పట్టి సూడని షేర్లు

మనోహరా,

మీ అక్క గ్లోరీని పురిటికి పిల్చుకొచ్చేదానికి కుప్పం పోతాండాను. సంగటి కుండలో ఉండాది. సాయంత్రం దూడకు కుడితి పెట్టు, మర్సిపోవద్దు.

నేను పుంగనూరు పోయొచ్చేలోపల ఆవును అమ్మేసి, ఆ దుడ్డు మద్రాసు ఫండులో పెట్టేసినావు. అందరి దుడ్డూ పోగేసి, యుద్ధం ముగిసినాక రేటు పడిపోయిన పెద్ద కంపెనీల షేర్లే కొంటారంటివి. సచ్చిపోయిన మీ నాయన సంతలో బక్క ఆవుల్ని కొని మేపినట్లేనంటివి. మీ నాయన ఉత్త పెద్ద ఎముకలు సూసి కొన్నాడనుకుంటివా? ముందు పిడికెడు గడ్డి దాని నోటికాడ పట్టేవాడు. అది మెయ్యకపోతే, ఎంత సవకగా ఇస్తామన్నా వదిలేసి వచ్చేవాడు. నువ్వు ఏ కంపెనీకి గడ్డి పట్టి సూసినావు?

రేపు మీ అక్క పాలేవని అడిగితే షేరు కాగితాలు సూపిచ్చేదా? బస్సుకు టైమయింది. ప్రభువే మనల్ని సూడాల.

మీ అమ్మ

పోతా పోతా దూడ కాడికి పోయినాను. తల్లిని తోలుకపోయినప్పట్నుంచి అది ఏమీ ముట్టలేదు. పచ్చిగడ్డి నోటికాడ పట్టినా మొగం తిప్పుకుంటాండాది. నువ్వన్నా పట్టి సూడప్పా.