పులుసుతో మొదలైన కరపత్రం

మే 3, ఆదివారం

చించేశాను. మంచి పని చేశాను.

కాలువ గట్టు మీద చేపల గంపలన్నీ శనివారం కార్పొరేషన్ వాళ్లు ఎత్తించేస్తారట. అమ్మది, సత్యవతి పిన్నిది, అందరివీ. కరపత్రం రాయమని నన్నే అడిగారు. ప్రతి చేపల కవరుతో పాటు ఒకటి చేతికిస్తారు — కొనేవాళ్లు ఆ పొద్దున వచ్చి పక్కన నిలబడతారని ఆశ.

ఒక్క ఊపులో రాసి అమ్మకు వినిపించా. కత్తిపీట ఆపి మరీ విన్నది. "బాగుందిరా."

బాగుందట! 'ఆదివారం మీ ఇంట్లో పులుసు...' అని మొదలైంది. పులుసుతో మొదలయ్యే కరపత్రం ఎక్కడైనా ఉందా? నేను చదివిన వాటిలో ఒక్కటీ లేదు. చేప పొలుసుతో పాటు చెత్తలోకి.

మే 4

'శ్రమజీవులారా' — రెండో వాక్యం లేదు.

మే 5, మంగళవారం

వన్ టౌన్. ప్రెస్సు నిండా శుభలేఖలే. సుబ్బారావు గారు — "ముహూర్తాలు బాబూ, ఊపిరాడట్లేదు. గురువారం పొద్దున ఓ గంట ఖాళీ ఉంచుతా, మేటరు పట్రా." తెస్తానండీ అన్నా. "తప్పులుంటే ప్రూఫులో దిద్దుకోవచ్చులే. ముందు ఏదోటి తే."

ఏదోటి! బతుకులు పోతుంటే ఏదోటా! ఆయన మీద అరిచేసి వచ్చా. బెంజ్ సర్కిల్ దాకా నడిచినా కోపం దిగలేదు.

మే 6

'చారిత్రక' కొట్టేశా. మళ్లీ రాశా. మళ్లీ కొట్టేశా.

గుమ్మంలోంచి పిన్ని — "ఏరా, ఇంకా కాలేదా? మా పెద్దకర్మకి పంచుదామనా ఏంటి?" అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మే 7, గురువారం

పొద్దున వెళ్లలేదు. చివరి పేరా కుదరలేదు... సాయంత్రం ప్రెస్సుకి పరిగెత్తా. మెషీన్లోంచి ఎవరో వధూవరుల పేర్లు, అవే పేర్లు, కట్టలు కట్టలుగా. "నీ గంట పొద్దున్నే అయిపోయింది బాబూ." సుబ్బారావు గారు తలెత్తలేదు.

మే 9, శనివారం

లారీ వచ్చింది. గంపలు ఎక్కించారు. గొడుగులు విరిచారు. కొనేవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకుంటారు? ఎవరు చెప్పారు వాళ్లకి?

స్కూటరు మీద ఒకాయన ఆగాడు, అమ్మ దగ్గర ప్రతి ఆదివారం కొనేవాడే. "అయ్యో, ముందే ఓ మాట చెబితే వచ్చేవాళ్లం కదమ్మా!"

అమ్మ నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

మే 10

అరువు గంపతో అమ్మ ఇల్లిల్లూ తిరిగింది, ఈ ఎండలో. సగం చేప మెత్తబడి తిరిగొచ్చింది. ఇంట్లో పులుసు పెట్టింది. తినలేకపోయా.

మే 12, మంగళవారం

కంకిపాడు రోడ్డు పక్కన కూర్చుందామంటోంది పిన్ని. అక్కడ మా మొహాలెవరికి తెలుసు? అక్కడా ఎన్నాళ్లు ఉండనిస్తారు?

అమ్మ — "ఆ మొదటిది ఉందిరా? చదివావే..." లేదన్నా. "పులుసూ, మా చేతులూ... ఏదో ఉంది. ఆ తర్వాతేం రాశావు?"

తర్వాతేం రాశానో. గుర్తు రావడం లేదు. ఎంత తవ్వుకున్నా.

మే 13

సుబ్బారావు గారికి ఫోన్ చేశా. రేపు పొద్దున ఓ గంట ఇస్తారట. "ఈసారైనా..." అని ఆపేశారు.

ఇప్పుడెందుకు? గట్టు పోయింది. అయినా రాస్తున్నా. 'ఆదివారం మీ ఇంట్లో పులుసు ఉడికేటప్పుడు, ఆ ముక్కలు కోసిచ్చిన చేతులు...' — వంకరగా ఉంది. అప్పటిది ఇది కాదు. అప్పటిదే బాగుంది. కొట్టేయాలని చెయ్యి లాగుతోంది.

పక్కనే అమ్మ కత్తిపీట కడుగుతోంది. చదవమంటోంది.

పూర్తి కాలేదమ్మా, అన్నా.

"అయినంతవరకే చదవరా."