వాళ్ల భాష నేర్చుకున్నాను, అన్నా

అన్నా,

ఈరోజు పెత్తరమాస, పోయినవాళ్లకు అన్నం పెట్టే అమావాస్య. బీజింగులో రెండేళ్ల చదువు ముగించుకుని నిన్ననే జహీరాబాద్ వచ్చాను. నీ ఫోటో ముందు వేసిన విస్తరిలో అన్నం వడ్డించబోతే బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీ అన్నను సంపినోళ్ల బువ్వ తిన్న చెయ్యి గది. జరుగు."

అరవై రెండులో చైనాతో యుద్ధంలో నువ్వు పోయిననాటికి నాకు నాలుగేళ్లు, ఇప్పుడు ముప్ఫై. నీ ముఖం నాకు ఈ ఫోటో వల్లే తెలుసు.

"గా దేశం మనుషులు ఎట్లుంటరు బిడ్డా?" అమ్మ మెల్లగా అడిగింది.

"మన లెక్కనే ఉంటరమ్మా. నాకు జరమొస్తే హాస్టల్ల వంటజేసే ముసలాయన గంజి తెచ్చి, తాగేదాంక పక్కనే కూసున్నడు."

బాపు వినలేక లేచి బయటికి వెళ్లిపోయాడు. అమ్మ ఒక్కతే వడ్డించింది. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

ఉద్యోగం వస్తుందని చెప్పి అక్కడికి వెళ్లాను కానీ, నేను ఆ భాష నేర్చుకున్నది నీ కోసం. ఆ మంచుకొండల్లో చివరికి ఆ సైనికులు నీతో ఏమన్నారు? చేతులెత్తమని అరిచారా, నీళ్లు కావాలా అని అడిగారా? ఆ రెండు మాటలూ ఇప్పుడు నాకు వచ్చు. ఏది విన్నావో చెప్పాల్సింది నువ్వే.

నీ తమ్ముడు