కొత్త చీటీ అంటించిన క్రీము

తమ్ముడికి,

తెల్లవారుజాము నుంచి ముసురు పట్టింది. పాలు పితికి, తడిసిన గడ్డి మార్చి ఇప్పుడే కూర్చున్నాను.

ముఖం తెల్లబడే క్రీములో పాదరసం ఉందని పరీక్షలో తేలాక, మేం ఊరి ఆడవాళ్లం దుకాణాలన్నీ తిరిగి దాన్ని తీయించాం. అందరికంటే ముందు నువ్వే తీశావని నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను. నిన్న నీ కొట్లో చూస్తే అదే క్రీము, పైన కొత్త పేరుతో చీటీ. అడిగితే, "వాళ్లే కావాలంటుంటే నన్నేం చేయమంటావక్కా" అని నవ్వావు. అప్పుడు దాన్ని కొంటున్నది దర్జీ చిన్నకూతురు. పెద్దకూతురికి ఇది రాసుకోబట్టే కిడ్నీలు పాడయ్యాయని నీకు తెలుసు.

సాయంత్రం నీ భార్య మా ఇంటికి వచ్చింది. "ఆ క్రీముని మా ఇంటి గడప మాత్రం తొక్కనివ్వడు వదినా. పాప డబ్బా ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించాడు" అంది. తెలియక అమ్మి ఉంటే సర్దుకునేదాన్ని.

సరుకు తెచ్చుకుని తిరిగొచ్చేసరికి నీ ఇల్లు తాళం వేసి ఉంటుంది. కంగారుపడి వెతకకు. ఈ కాగితం తలుపు సందులో పెడుతున్నాను. కొట్లో మిగిలిన క్రీము పెట్టెలు ఆటోలో వేయించుకుని, పాపను వెంటబెట్టుకుని, నీ భార్య పొద్దున్నే ఆరోగ్య అధికారి ఆఫీసుకు వెళ్లింది.

అక్క