అత్తగారు పెట్టిన హారం

షంషాద్,

సజ్జాలోని మా కంపెనీకి వెళ్లే బస్సు కింద హారన్ కొడుతోంది. ఇకనుంచి నేను అక్కడ కంపెనీ రూములోనే ఉంటాను. తలాక్ కాగితాలు ఇప్పుడే కోర్టులో ఇవ్వకు. నువ్వు ఈ దేశంలో ఉన్నది నా వీసా మీద, విడాకులైతే అది రద్దవుతుంది. ముందు నువ్వు పనిచేసే స్కూలువాళ్లను వీసా వేయనీ.

ఫ్రిజ్, టీవీ, మంచం నీకే. కుక్కర్ మాత్రం తీసుకెళ్తున్నాను. ఇన్నేళ్లూ అందులో వండింది నేనే కదా!

పెళ్లిలో మా అమ్మ నీకు పెట్టిన హారం బీరువాలోనే ఉంది. విడిపోతే అత్తింటి బంగారం తిరిగివ్వాలని అమ్మ నెల్లూరు నుంచి రోజూ ఫోన్ చేస్తోంది. క్రెడిట్ కార్డు అప్పుకు అమ్మేశానని చెప్పాను. "ఇంటి బంగారం తినేసినావు గదరా, నువ్వూ ఒక మొగోడివేనా?" అని నిన్న ఏడ్చింది. అమ్మ నీకు ఫోన్ చేస్తే నువ్వూ అదే చెప్పు. నిజం చెప్పి నన్ను మంచివాణ్ని చేయకు. వేరే గది చూసుకుంటావు కదా, ఆ హారం అమ్మితే అడ్వాన్సుకు సరిపోతుంది.

మస్తాన్

మరచిపోయాను. అమ్మేటప్పుడు నాలుగు షాపులు తిరుగు. నాతో పెళ్లికి ఒప్పుకున్నట్టు, మొదటివాడికే సరే అనేయకు.